అద్దె 22 వేలు, ఈఎంఐ 48 వేలు: చిన్న ఓనరు లెక్క ఎక్కడ తప్పుతోంది?

హైదరాబాద్ శివారు నిజాంపేట్‌లోనో, బీరంగూడలోనో 70 లక్షలకు రెండు బెడ్‌రూమ్‌ల ఫ్లాటు కొని, నెలకు 22 వేలకు అద్దెకిచ్చారనుకుందాం. 30 నుంచి 75 లక్షల మధ్య గృహరుణానికి ఇంటి విలువలో 80 శాతం మించి ఇవ్వకూడదన్నది ఆర్‌బీఐ నిబంధన. అంటే అప్పు 56 లక్షలు, చేతి నుంచి 14 లక్షలు. రిజిస్ట్రేషన్ ఖర్చు ఆ 70 లక్షల్లోకి రాదు. తెలంగాణలో 2021 జులై నుంచి స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం, అంటే మరో 5.25 లక్షలు. బ్యాంకు దీనికి అప్పివ్వదు. ఇంటి ధర 50 లక్షలు, ఆపైన ఉంటే అమ్మినవాళ్లకు ఇచ్చే సొమ్ములో 1 శాతం టీడీఎస్ (చెల్లించేటప్పుడే కోసి కట్టే పన్ను) పట్టి కట్టాల్సింది కొన్నవాళ్లే. మరిచిపోతే వడ్డీ, ఆలస్య రుసుము కూడా వాళ్ల నెత్తినే.

ఎనిమిదిన్నర శాతం వడ్డీకి 20 ఏళ్ల గడువు పెట్టుకుంటే ఈఎంఐ దాదాపు 48,600. అద్దె పోను ప్రతి నెలా జేబులోంచి 26,600. ఏడాదికి 3 లక్షల 19 వేలు. ఇల్లు ఒక నెల ఖాళీగా ఉంటే అద్దె పోవడమే కాదు, ఆ నెల మెయింటెనెన్స్ ఓనరే కట్టాలి. కొత్తవాళ్లను తెచ్చిన బ్రోకరుకు కమీషన్ ఇచ్చుకోవాలి. ఏడాది అద్దెను ఇంటి ధరతో పోలిస్తే 3.77 శాతం, అప్పు మీద వడ్డీ 8.5 శాతం. మధ్యనున్న తేడాను ధర పెరుగుదల పూడ్చాలి. అమ్మేవాళ్లు ఈ సంగతి ఎత్తరు, ‘అద్దె వస్తుంది, ఈఎంఐ అదే తీరిపోతుంది’ అంటారు. అద్దె డబ్బుతో ఈఎంఐ తీరాలంటే ఇంటి ధరలో సగానికి పైగా చేతిలో ఉండాలి.

ఇన్నాళ్లూ ఈ లోటును కొంత భరించింది ఆదాయపు పన్ను. ఇప్పుడు మారింది అక్కడే. పై ఉదాహరణలో ఏడాది అద్దె 2,64,000. కట్టిన ఆస్తిపన్ను 9 వేలు తీసేస్తే 2,55,000. అందులో మరమ్మతులు వగైరాలకు చట్టమే ఇచ్చే 30 శాతం తగ్గింపు 76,500. నిజంగా ఎంత ఖర్చయినా ఇంతే, రసీదులు చూపి ఎక్కువ అడగడానికి లేదు. మిగిలింది 1,78,500. మొదటి ఏడాది అప్పు మీద వడ్డీయే సుమారు 4,72,000. అంటే కాగితం మీద 2.93 లక్షల నష్టం. పాత పన్ను విధానంలో ఇందులో 2 లక్షలను జీతం ఆదాయంలోంచి తీసేసుకోవచ్చు. 30 శాతం శ్లాబులో ఉన్నవాళ్లకు సెస్సుతో కలిపి 62,400 ఆదా. మిగిలిన 93 వేలను 8 ఏళ్ల వరకు ముందుకు తీసుకుపోయి ఇంటి ఆదాయంలో సర్దుకోవచ్చు.

కొత్త విధానంలో వడ్డీ తగ్గింపు అద్దె ఆదాయాన్ని సున్నా చేసేదాకే పనికొస్తుంది. నష్టాన్ని జీతంలోంచి తీసేయడం కుదరదు, వచ్చే ఏళ్లకు మోసుకుపోవడమూ కుదరదు. అసలు మీద దొరికే లక్షన్నర మినహాయింపూ అక్కడ లేదు. మనం ఏమీ చెప్పకపోతే వర్తించేది కొత్త విధానమే. చాలామంది ఉద్యోగులు రిబేటు చూసుకుని అందులోకి మారిపోయారు గానీ, ఇంటి లెక్కను మాత్రం ఇంకా పాత పద్ధతిలోనే వేసుకుంటున్నారు. ఫ్లాటుకు టోకెన్ అడ్వాన్సు ఇచ్చే ముందు రెండు విధానాల్లోనూ పన్ను ఎంతో ఆడిటరు చేత కాగితం మీద వేయించుకోవడం మంచిది. ఏ విధానంలో ఉన్నా, అద్దె నగదుగా తీసుకుని రిటర్నులో చూపకపోతే మరో నష్టం కూడా ఉంది. రెండో అప్పుకు వెళ్లినప్పుడు బ్యాంకు ఆ అద్దెను ఆదాయంగా లెక్కపెట్టదు.

వడ్డీ విషయానికొస్తే, బ్యాంకుల ఫ్లోటింగ్ గృహరుణాలు 2019 అక్టోబరు నుంచి రెపో (ఆర్‌బీఐ బ్యాంకులకు అప్పిచ్చే రేటు) లాంటి బయటి రేటుతో ముడిపడి ఉన్నాయి. గృహరుణ సంస్థల అప్పులు అలా కాదు, వాటి సొంత రేటుతో నడుస్తాయి. రెపో తగ్గినప్పుడు అక్కడ తగ్గుదల నత్తనడకన వస్తుంది. వడ్డీ పెరిగితే ఏమవుతుందో చూడండి. పై అప్పు 8.5 నుంచి 9.5 శాతానికి చేరితే ఈఎంఐ సుమారు 3,600 పెరగాలి. చాలామందికి ఈఎంఐ కదలదు, గడువు పెరుగుతుంది. అదే 48,600 కడుతూ పోతే 240 నెలల అప్పు 308 నెలలకు పైగా సాగుతుంది. ఐదున్నర ఏళ్లకు పైగా అదనం, అదీ ఓనరు రిటైర్‌మెంట్ దగ్గరపడే వయసులో. రేటు మారినప్పుడు ఈఎంఐ పెంచుకుంటారా, గడువు పెంచుకుంటారా అన్నది అప్పు తీసుకున్నవాళ్లే తేల్చుకునేలా అవకాశమివ్వాలని ఆర్‌బీఐ 2023లోనే చెప్పింది. అడిగితేనే ఆ అవకాశం పనికొస్తుంది. ఫ్లోటింగ్ గృహరుణాన్ని ముందే తీర్చేస్తే వ్యక్తుల నుంచి జరిమానా వసూలు చేయకూడదు కాబట్టి, బోనస్ డబ్బు వచ్చిన ఏడాది అసలులోకి వేయడమే తేలికైన మార్గం.

ఇక ఫ్లాటు కాకుండా 150 గజాల్లో జీ ప్లస్ టూ కట్టి పోర్షన్లుగా అద్దెకిద్దామనుకునేవాళ్ల సంగతి. అద్దె రాబడి ఇక్కడ ఫ్లాటుకంటే మెరుగు. ఒకే నేల మీద నాలుగైదు వంటిళ్లు ఉంటాయి కదా. చిక్కంతా పైనున్న పెంట్‌హౌస్‌తో వస్తుంది. తెలంగాణ భవన అనుమతుల చట్టం టీజీ-బీపాస్ ప్రకారం 500 చదరపు మీటర్ల లోపు స్థలానికి, 10 మీటర్ల ఎత్తు లోపు ఇంటికి స్వీయ ధ్రువీకరణతో వెంటనే అనుమతి వస్తుంది. ఆ సులువు చూసి ప్లాన్‌లో లేని అంతస్తు కూడా ఎక్కించేస్తారు. బ్యాంకు వాల్యుయర్ ప్లాన్‌లో ఉన్న అంతస్తులకే విలువ కడతాడు. పెంట్‌హౌస్ అద్దె నెలకు 12 వేలు వస్తున్నా అప్పు లెక్కలో దాని విలువ సున్నా. మున్సిపాలిటీ దానికి జరిమానాతో కలిపి ఆస్తిపన్ను వేస్తుంది, ఓనరు కడతాడు. పన్ను రసీదు ఉంది కాబట్టి సక్రమమే అనుకుంటాడు. పన్ను కట్టినంత మాత్రాన కట్టడం సక్రమం కాదు. అమ్మకానికి పెట్టిన రోజు కొనేవాళ్ల బ్యాంకు ఓసీ (ప్లాన్ ప్రకారమే కట్టారని ఇచ్చే నివాసయోగ్యతా పత్రం) అడిగినప్పుడు ఆ సంగతి బయటపడుతుంది.

స్థలం దగ్గర కూడా అంతే. ఈసీ (ఆస్తి మీద లావాదేవీలు, తనఖాలు చూపే ధ్రువపత్రం) ఒక్కటి చూసి కొనేస్తారు. ఈసీలో కనిపించేవి రిజిస్టరైన లావాదేవీలే. చెరువు ఎఫ్‌టీఎల్‌లో (చెరువు నిండితే నీళ్లు చేరే హద్దులో) ఉందా, దాని చుట్టూ కట్టడాలు కూడని బఫర్‌జోన్‌లో ఉందా, ప్రభుత్వ భూమిగా నిషేధిత జాబితాలో ఉందా అన్నవి అందులో ఉండవు. వాటిని విడిగా చూసుకోవాలి. 2024లో చెరువుల ఆక్రమణలు కూల్చే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చాక ఇది ఊహకు మాత్రమే సంబంధించిన ప్రమాదం కాదని అందరికీ తెలిసింది. నోటరీ కాగితాల మీద చేతులు మారిన ఇళ్లు చవగ్గా దొరుకుతాయి. వాటికి బ్యాంకు అప్పు రాదు. రేపు కొనేవాళ్లకూ రాదు కాబట్టే అవి చవక.

ఇప్పుడు అద్దె ఒప్పందం. వంద రూపాయల స్టాంపు కాగితం, 11 నెలలు, నోటరీ ముద్ర. 11 నెలలే ఎందుకని అడిగితే ‘ఎక్కువ రాస్తే ఇల్లు వాళ్లదైపోతుంది’ అని ఇంకా చెప్పుకుంటారు. అది నిజం కాదు. ఓనరు అనుమతితో ఉన్నవాళ్లకు, ఎన్నేళ్లు అద్దె కట్టినా, ఆ కారణంగా యాజమాన్య హక్కు రాదు. అద్దెకు ఉన్నంత కాలం ఓనరు హక్కును కాదనడానికి కూడా చట్టం ఒప్పుకోదు. అసలు కారణం 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం. దాని మూలరూపంలో ఏడాది దాటిన లీజుకే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1999లో చేసిన సవరణ తర్వాత ఇక్కడ ఏ గడువు లీజుకైనా తప్పనిసరే, 11 నెలల అలవాటు మాత్రం మిగిలిపోయింది. రిజిస్టరు కాని మూడేళ్ల లీజు కాగితాన్ని కోర్టు దాని షరతులకు సాక్ష్యంగా తీసుకోదు. 10 శాతం పెంపు, ఖాళీ చేయకపోతే రెట్టింపు అద్దె వంటివన్నీ గాలికి పోతాయి.

అయితే 11 నెలల కాగితంలోనూ ఒక లొసుగు ఉంది. గడువు అయిపోయాక చాలామంది కొత్తది రాసుకోరు, నోటిమాటతో అద్దె పెంచుకుని సాగిపోతారు. గడువు ముగిశాక ఓనరు అద్దె తీసుకుంటూ ఉంటే అది నెలవారీ అద్దెగా మారుతుంది. ఖాళీ చేయించాలంటే ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 106 కింద 15 రోజుల నోటీసు ఇవ్వాలి, తర్వాత సివిల్ కోర్టులో దావా. రెంట్ కంట్రోల్ కోర్టుకు వెళ్లొచ్చు కదా అనుకుంటారు. 1960 నాటి రెంట్ కంట్రోల్ చట్టం నగరపాలక సంస్థల పరిధిలో నెలకు 3,500 రూపాయలు దాటిన అద్దెలకు వర్తించదు. నేడు ఆ అద్దెకు గది కూడా దొరకదు.

ఎక్కువమంది కాలు జారేది నోటీసు ఇచ్చిన తర్వాతి నెలలో. అద్దెకున్నవాళ్లు ఎప్పటిలాగే ఫోన్‌పేలో డబ్బు పంపుతారు, ఓనరు ఊరుకుంటాడు. నోటీసు తర్వాత అద్దెగా తీసుకుంటే నోటీసును వదులుకున్నట్టేనని అవతలి లాయరు వాదిస్తాడు. వచ్చిన సొమ్మును అద్దెగా కాదు, ఇంటిని వాడుకుంటున్నందుకు పరిహారంగా మాత్రమే జమ చేసుకుంటున్నామని వాట్సాప్‌లోనైనా ఆ రోజే రాసి పెట్టాలి. కరెంటు పీకేయడం, నీళ్లు ఆపడం, తాళం మార్చడం మాత్రం వద్దు. చట్టప్రకారం కాకుండా బయటకు నెట్టినవాళ్లు ఆరు నెలల్లోగా దావా వేస్తే, ఇల్లు ఎవరిదన్నది చూడకుండానే స్వాధీనం తిరిగి ఇప్పించే అధికారం కోర్టుకు ఉంది. అద్దె ఎగ్గొట్టినవాళ్లకు మనమే కేసు కట్టబెట్టినట్టవుతుంది.

ఇల్లు బ్యాంకులో తనఖా ఉండగా లీజు రాసేవాళ్లు మరొకటి గమనించాలి. తనఖాలో ఉన్న భవనాన్ని మూడేళ్లకు మించి లీజుకివ్వడానికి ఆస్తి బదిలీ చట్టం సాధారణంగా ఒప్పుకోదు. అప్పు ఒప్పందంలో బ్యాంకు రాతపూర్వక అనుమతి కావాలన్న షరతు కూడా ఉంటుంది. హాస్టల్ నడిపేవాళ్లు వచ్చి బిల్డింగంతా తొమ్మిదేళ్లకు రాయమన్నప్పుడు ఈ చిక్కు వస్తుంది. వాళ్లిచ్చే అద్దె పోర్షన్ల అద్దెకంటే ఎక్కువ, అందుకే ఆశ. కానీ గృహ కేటగిరీ మీటరు మీద హాస్టల్ నడిస్తే విద్యుత్ చట్టం సెక్షన్ 126 కింద రెట్టింపు రేటుతో, తేదీ తేలకపోతే 12 నెలలకు లెక్కగట్టి బిల్లు వేస్తారు. మీటరు ఓనరు పేరున ఉంటుంది. ఒప్పందం మీద సంతకానికి ముందే కేటగిరీ మార్పించుకుని, ఆ ఖర్చు ఎవరిదో రాసుకోవాలి.

అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉంటూ ఇక్కడ ఫ్లాటు అద్దెకిచ్చిన ఎన్నారైల విషయంలో ఇరుక్కునేది అద్దెకున్నవాళ్లు. ఇక్కడ నివాసమున్న ఓనరుకైతే నెల అద్దె 50 వేలు దాటితేనే 2 శాతం టీడీఎస్. ఎన్నారై ఓనరుకు అలాంటి పరిమితి లేదు. 15 వేల అద్దెకైనా సెస్సుతో కలిపి 31.2 శాతం పట్టి కట్టాలి, అందుకు టాన్ (పన్ను కోసేవాళ్లకు ఇచ్చే) నంబరు తీసుకోవాలి. ఓనరు ఆదాయపు పన్ను శాఖ నుంచి తక్కువ కోత సర్టిఫికెట్ తెచ్చిస్తే ఇద్దరికీ తలనొప్పి తగ్గుతుంది. తండ్రి పేరున జీపీఏ (తన తరఫున వ్యవహరించే అధికార పత్రం) పంపితే, కాగితం ఇండియాకు చేరిన మూడు నెలల్లోగా దానికి ఇక్కడ స్టాంపు డ్యూటీ కట్టించాలి.

అప్పు తీరాక కూడా ఒక పని మిగులుతుంది. అసలు పత్రాలను 30 రోజుల్లో తిరిగివ్వాలని, బ్యాంకు తప్పుతో ఆలస్యమైతే రోజుకు 5 వేల పరిహారం చెల్లించాలని 2023 డిసెంబరు 1 నుంచి నిబంధన ఉంది. పత్రాలు తెచ్చుకుని బీరువాలో పెట్టేస్తే సరిపోదు. తనఖా సమయంలో రిజిస్టరైన ఒప్పందాన్ని సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో రద్దు చేయించకపోతే ఈసీలో అప్పు అలాగే కనిపిస్తుంది. ఆ బ్రాంచి వేరే బ్యాంకులో కలిసిపోకముందే ఆ పని చేయించుకుని, కొత్త ఈసీ తీసి చూసుకోండి.