ఫోల్డర్ తెరుచుకోవాలంటే ఫైర్‌వాల్ ఆపాలా? ఆ ఐదు సలహాలకు నా జవాబు

గుంటూరు బ్రాడీపేటలో, విజయవాడ గవర్నర్‌పేటలో నేను కంప్యూటర్లు చూసే చిన్న ఆఫీసులన్నిటికీ ఈ వాట్సాప్ మెసేజ్ చేరింది. ఆడిటర్ల గ్రూపుల్లోనూ అదే, మిర్చి కమీషన్ కొట్ల గుమాస్తాల గ్రూపుల్లోనూ అదే. సారాంశం ఇది: "షేర్డ్ ఫోల్డర్ ఓపెన్ కావట్లేదా? ఎవరినీ పిలవక్కర్లేదు. ఒకటి, ఫైర్‌వాల్ ఆఫ్ చేయండి. రెండు, ఎస్‌ఎంబీ 1 ఆన్ చేయండి. మూడు, పాస్‌వర్డ్ ప్రొటెక్టెడ్ షేరింగ్ ఆఫ్ చేయండి. నాలుగు, ఎవ్రీవన్‌కి ఫుల్ కంట్రోల్ ఇవ్వండి. ఐదు, విండోస్ అప్‌డేట్లు ఆపేయండి. ఐదు నిమిషాల్లో పని పక్కా."

పని అవుతుందన్నది చాలాసార్లు నిజమే. అందుకే ఇది ఇంతగా తిరుగుతోంది. కానీ ఐదూ ఒకేసారి చేసేశాక ఏది పనిచేసిందో చేసినవాళ్లకే తెలియదు. ఫోల్డర్ వచ్చేసింది కదా అని ఆ ఐదు మార్పులూ అలాగే వదిలేస్తారు. ఏళ్ల తరబడి అలాగే ఉంటాయి. నా బాధంతా అక్కడే.

ముందు ఫైర్‌వాల్ సంగతి. నెట్‌వర్క్ మీదుగా సిస్టమ్‌లోకి ఎవరు రావచ్చో, ఎవరు రాకూడదో చూసే విండోస్ కాపలా అది. బ్రాడీపేటలో ఎనిమిది సిస్టమ్‌లున్న ఒక ఆడిట్ ఆఫీసు. ఒక పాత డెస్క్‌టాప్‌నే సర్వర్‌గా వాడుతున్నారు. ట్యాలీ డేటా, క్లయింట్ల ఫోల్డర్లు అన్నీ అందులోనే. 19వ తేదీ సాయంత్రం ఫోల్డర్ రావడం ఆగిపోయింది. మర్నాడు జీఎస్టీఆర్-3బీ, అంటే నెలవారీ జీఎస్టీ రిటర్న్ గడువు. ఆ టెన్షన్‌లో అక్కడి ఆర్టికల్ కుర్రాడు (సీఏ చదువుతూ ఆడిటర్ దగ్గర పని నేర్చుకునేవాడు) ఈ మెసేజ్ చూసి ఐదూ వరసగా చేసేశాడు. ఫోల్డర్ వచ్చింది. కుర్రాడిది తప్పనను, ఆ రాత్రి అతని స్థానంలో ఎవరున్నా అదే చేసేవాళ్లు.

అసలు జరిగిందేమిటంటే, ఆ మధ్యాహ్నం నెట్ కనెక్షన్ వాళ్లు వచ్చి రౌటర్ మార్చి వెళ్లారు. రౌటర్ మారితే విండోస్ దాన్ని కొత్త నెట్‌వర్క్‌గా లెక్కిస్తుంది. కొత్త నెట్‌వర్క్‌ని చాలాసార్లు పబ్లిక్ అనుకుంటుంది. అంటే బస్టాండులో వైఫైకి తగిలించుకున్నట్టే భావించి, మిగతా సిస్టమ్‌లన్నిటికీ ఫైల్ షేరింగ్ మూసేస్తుంది. ఫైర్‌వాల్ ఆపితే ఆ మూత కూడా పోతుంది కాబట్టి ఫోల్డర్ తెరుచుకుంటుంది. చేయాల్సింది మాత్రం సర్వర్‌లో సెట్టింగ్స్‌కి వెళ్లి, ఈథర్‌నెట్ ప్రాపర్టీస్‌లో పబ్లిక్‌ని ప్రైవేట్‌గా మార్చడం. రెండు క్లిక్‌లు. అప్పటికీ రాకపోతే, ఫైర్‌వాల్ అనుమతించిన వాటి జాబితాలో 'ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్' ప్రైవేట్‌కి టిక్ అయి ఉందో లేదో చూడాలి. విండోస్ ఫైల్ షేరింగ్ నడిచేది టీసీపీ 445 పోర్ట్ మీద. పోర్ట్ అంటే సిస్టమ్‌లోకి వచ్చే నంబరున్న దారి. ఆ ఒక్క దారి, అదీ ఆఫీసు లోపలి సిస్టమ్‌లకే తెరిస్తే చాలు. ఇల్లంతా తలుపులు తీసి పెట్టనక్కర్లేదు. పైగా ఆ ఆఫీసులో ఇద్దరు ల్యాప్‌టాప్‌లు ఇంటికి తీసుకెళ్తారు, క్లయింట్ల దగ్గరకూ తీసుకెళ్తారు. వాటిలో కూడా ఫైర్‌వాల్ ఆపేసి ఉంది.

రెండో సలహా, ఎస్‌ఎంబీ 1. ఐదింటిలో నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఇదే.

ఎస్‌ఎంబీ అంటే విండోస్ సిస్టమ్‌లు ఫైళ్లు పంచుకోవడానికి మాట్లాడుకునే భాష. అందులో ఒకటో వెర్షన్ మూలాలు 1980లలో ఉన్నాయి. విస్టాతో రెండోది, విండోస్ 8తో మూడోది వచ్చాయి. రెండు సిస్టమ్‌లు కలిసినప్పుడు ఇద్దరికీ వచ్చిన వాటిలో అన్నిటికన్నా కొత్త వెర్షన్‌లో మాట్లాడుకుంటాయి. మీ ఆఫీసులో అన్నీ విండోస్ 10, 11 అయితే అవి ఇప్పటికే మూడో వెర్షన్‌లో మాట్లాడుకుంటున్నాయి. పక్కన ఒకటో వెర్షన్ ఆన్ చేసి పెట్టినా వాటి మధ్య మాట అందులోకి దిగదు. మరి పనిచేసినట్టు ఎందుకు కనిపిస్తుంది? ఆ ఫీచర్ టిక్ పెట్టగానే విండోస్ రీస్టార్ట్ అడుగుతుంది. ఇరుక్కుపోయిన పాత కనెక్షన్ ఏదైనా ఉంటే రీస్టార్ట్‌తో తెగిపోతుంది. బాగుచేసింది రీస్టార్ట్, పేరు ఎస్‌ఎంబీ 1కి వచ్చింది.

ఇంకో కారణం కూడా ఉంది. ఎక్స్‌ప్లోరర్‌లో నెట్‌వర్క్ మీద క్లిక్ చేస్తే పూర్వం మిగతా సిస్టమ్‌లన్నీ వరసగా కనిపించేవి. ఆ పాత జాబితా ఎస్‌ఎంబీ 1 మీద ఆధారపడింది. 2017 అక్టోబర్‌లో వచ్చిన విండోస్ 10 వెర్షన్ 1709తో మైక్రోసాఫ్ట్ ఎస్‌ఎంబీ 1ని పక్కకు తప్పించడం మొదలుపెట్టాక ఆ జాబితా ఖాళీగా కనబడసాగింది. జాబితాలో పేరు లేదంటే సర్వర్ లేదనుకున్నారు జనం. పేరు కనిపించకపోవడం వేరు, ఫోల్డర్ తెరుచుకోకపోవడం వేరు. పైన అడ్రస్ బార్‌లో రెండు బ్యాక్‌స్లాష్‌లు కొట్టి సర్వర్ పేరు టైప్ చేయండి, చాలాసార్లు నేరుగా వచ్చేస్తుంది. జాబితా కూడా కావాలంటే సర్వర్‌లో 'ఫంక్షన్ డిస్కవరీ రిసోర్స్ పబ్లికేషన్' అనే సర్వీస్‌ని ఆటోమేటిక్‌లో పెట్టండి.

ఇది వట్టి చాదస్తం కాదని చెప్పడానికి దూరం వెళ్లక్కర్లేదు. 2017 మే 12న బయటపడిన వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) ఈ ఎస్‌ఎంబీ 1లోని లోపం మీదుగానే ఒక సిస్టమ్ నుంచి ఇంకో సిస్టమ్‌కి పాకింది. ఎవరూ ఏ లింకూ నొక్కక్కర్లేకుండానే. మన రాష్ట్ర పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. అప్పటి వార్తల్లో కృష్ణా, గుంటూరు జిల్లాల పేర్లూ ఉన్నాయి. ఆ మూసిన తలుపుని ఇప్పుడు మన చేత్తో మనమే తెరవమంటోంది ఈ మెసేజ్.

నిజంగా ఎస్‌ఎంబీ 1 అవసరమయ్యే సందర్భాలు లేవనను. ఇంకా విండోస్ ఎక్స్‌పీ మీద నడిచే బిల్లింగ్ సిస్టమ్, బాగా పాత నెట్‌వర్క్ స్టోరేజ్ బాక్స్, ఫోల్డర్‌లోకి స్కాన్ చేసే పాత కాపీయర్, ఈ మూడూ నాకు తగులుతూనే ఉంటాయి. వాటికి ముందు ఫర్మ్‌వేర్, అంటే ఆ పరికరం లోపలి సాఫ్ట్‌వేర్‌కి అప్‌డేట్ ఉందేమో చూడాలి. లేకపోతే స్కాన్‌ని మెయిల్‌కో పెన్‌డ్రైవ్‌కో మార్చుకోవాలి. ఒక్క కాపీయర్ కోసం క్లయింట్ల ఫైళ్లన్నీ ఉన్న సర్వర్‌ని 1980లలోకి తీసుకెళ్లొద్దు.

మూడో సలహా పాస్‌వర్డ్ తీసేయమంటుంది. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ పెట్టె మళ్లీ మళ్లీ వస్తోందంటే సర్వర్ దొరికిందనే అర్థం, వచ్చినవాళ్లెవరో దానికి తెలియడం లేదంతే. దీనికి నేను చూసిన కారణాలు మూడే. చాలామంది రోజూ లాగిన్‌కి వాడే పిన్ కొడతారు. పిన్ ఆ సిస్టమ్ వరకే, నెట్‌వర్క్ మీద చెల్లదు, అకౌంట్ పాస్‌వర్డే కొట్టాలి. కొందరు సర్వర్‌లో అకౌంట్‌కి పాస్‌వర్డే పెట్టరు. ఖాళీ పాస్‌వర్డ్‌తో నెట్‌వర్క్ మీదుగా రావడాన్ని విండోస్ మామూలుగా ఒప్పుకోదు. మూడోది, పాస్‌వర్డ్ మార్చాక పాతది విండోస్ పాస్‌వర్డ్‌లు దాచుకునే క్రెడెన్షియల్ మేనేజర్‌లో దాగి ఉంటుంది. దాన్ని చెరిపేసి కొత్తది ఇస్తే సరి.

పైగా ఈ సలహాకి కాలం కూడా చెల్లింది. 2024లో వచ్చిన విండోస్ 11 24హెచ్2 వెర్షన్ ప్రోలో పాస్‌వర్డ్ లేకుండా వచ్చే, పేరు లేని గెస్ట్ కనెక్షన్‌ని డిఫాల్ట్‌గా ఆపేశారు. "మీ సంస్థ సెక్యూరిటీ పాలసీ గెస్ట్ యాక్సెస్‌ని అడ్డుకుంటోంది" అనే అర్థంలో ఇంగ్లీషులో మెసేజ్ వస్తుంది. అది చూసి, మాకు సంస్థ ఏమిటి, పాలసీ ఏమిటి అని కంగారుపడి నాకు ఫోన్ చేసినవాళ్లున్నారు. కంగారేమీ లేదు. సర్వర్‌లో ఒక్కొక్కరికి ఒక యూజర్, ఒక పాస్‌వర్డ్ పెట్టండి. ఎనిమిది మందికి అరగంట పని.

ఎవ్రీవన్‌కి, అంటే వచ్చినవాళ్లందరికీ ఫుల్ కంట్రోల్ ఇమ్మనే నాలుగో సలహా దీనికి తోడైతే ఏమవుతుందో బ్రాడీపేట ఆఫీసులోనే చూశాను. గడువు దాటాక కొన్ని వారాలకు ఒక క్లయింట్ ఫోల్డర్ మాయమైంది. రెండు రోజులు వెతికితే ఇంకో క్లయింట్ ఫోల్డర్ లోపల దొరికింది. ఎవరో మౌస్‌తో పొరపాటున లాగేశారు. ఎవరని తెలుసుకునే దారి లేదు, ఎందుకంటే సర్వర్ దృష్టిలో వచ్చినవాళ్లందరి పేరూ గెస్టే. సార్ ఒక్కొక్కరినీ పిలిచి అడిగారు. ఎనిమిది మందీ తలదించుకుని నిలబడ్డ ఆ గది నాకింకా గుర్తుంది. ఏ తప్పూ చేయని ఏడుగురు కూడా అనుమానం మోశారు.

షేర్ చేసిన ఫోల్డర్‌కి రెండు చోట్ల అనుమతులుంటాయి, షేరింగ్ ట్యాబ్‌లో ఒకటి, సెక్యూరిటీ ట్యాబ్‌లో ఒకటి. నెట్‌వర్క్ మీదుగా వచ్చినప్పుడు రెండింట్లో ఏది బిగువుగా ఉంటే అదే చెల్లుతుంది. ఇది తెలియక మొదటి చోట ఫుల్ కంట్రోల్ ఇస్తారు, అప్పటికీ 'యాక్సెస్ డినైడ్' అని వస్తే రెండో చోట కూడా ఎవ్రీవన్‌ని కూర్చోబెడతారు. ఫుల్ కంట్రోల్ ఉన్నవాళ్లు ఆ అనుమతుల్నే మార్చేయగలరు. ట్యాలీ నడవడానికైనా, ఎక్సెల్ సేవ్ చేయడానికైనా సెక్యూరిటీ ట్యాబ్‌లో మాడిఫై (ఫైళ్లు మార్చే అనుమతి) చాలు, అదీ ఆ ఫోల్డర్‌తో పని ఉన్నవాళ్లకే. రాన్సమ్‌వేర్ ఒక సిస్టమ్‌లోకి దూరితే, ఆ సిస్టమ్ మీద కూర్చున్న మనిషి ఎన్ని ఫైళ్లు మార్చగలడో అన్నిటినీ పాడుచేస్తుంది. రిసెప్షన్ సిస్టమ్ నుంచి పదేళ్ల బ్యాలెన్స్‌షీట్లు మార్చగలిగే అవసరం ఎవరికుంది?

అప్‌డేట్లు ఆపమనే ఐదో సలహాకి తేదీలే జవాబు. వాన్నాక్రై వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ 2017 మార్చి 14నే అప్‌డేట్ ఇచ్చింది. దాడి వచ్చింది మే 12న. మధ్యలో దాదాపు రెండు నెలలు. అప్‌డేట్ వేసుకున్న సిస్టమ్‌లోకి అది ఆ లోపం మీదుగా రాలేకపోయింది.

మరి ఫోల్డర్ రాకపోతే ఏం చేయాలి? నేను ముందు అడిగేది ఒక్కటే: ఒక్కరికే రావట్లేదా, అందరికీనా? అందరికీ అయితే సర్వర్ దగ్గరకే వెళ్లండి. స్లీప్‌లోకి పోయిందా, టేబుల్ కింద స్విచ్‌కి కరెంటు ఉందా, కరెంటు పోయి వచ్చాక సర్వర్ ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దాని నంబర్) మారిందా. ఐపీ నంబర్‌తో షార్ట్‌కట్‌లు చేసుకున్న ఆఫీసుల్లో ఈ చివరిది తరచూ జరుగుతుంది, రౌటర్‌లో సర్వర్‌కి ఆ నంబర్ రిజర్వ్ చేస్తే మళ్లీ రాదు. ఒక్కరికే అయితే ఆ సిస్టమ్ వేరే వైఫైకి తగులుకుందేమో చూడండి. పై అంతస్తులో రెండో రౌటర్ పెట్టుకున్నచోట ఒకరు 192.168.0లో, ఇంకొకరు 192.168.1లో, అంటే వేర్వేరు నెట్‌వర్క్‌ల్లో ఉంటారు.

పింగ్ (ఉన్నావా అని సిస్టమ్‌ని అడిగే కమాండ్) కి జవాబు రాలేదని సర్వర్ లేదనుకోవద్దు, పింగ్‌ని ఫైర్‌వాల్ ఆపి ఉండొచ్చు. విండోస్‌లో కమాండ్లు కొట్టే పవర్‌షెల్ తెరిచి, టెస్ట్-నెట్‌కనెక్షన్ అనే కమాండ్‌తో సర్వర్ 445 పోర్ట్ అడగండి, అది నిజం చెబుతుంది. పోర్ట్ మూసి ఉంటే పబ్లిక్, ప్రైవేట్ చూడాలి. పోర్ట్ తెరిచి ఉండి పాస్‌వర్డ్ అడుగుతుంటే యూజర్ సంగతి. లోపలికి వెళ్లాక ఒక్క ఫోల్డర్ దగ్గరే ఆగితే అనుమతుల సంగతి. పొద్దున్న వచ్చినవాళ్లకు వచ్చి ఆలస్యంగా వచ్చినవాళ్లకు రాకపోతే ఇంకోటి గుర్తుంచుకోండి: మామూలు విండోస్ 10, 11 ఒకేసారి 20 కనెక్షన్లకు మించి ఒప్పుకోదు.

ఇప్పటికే ఐదూ చేసేసినవాళ్లు గడువు తేదీల జోలికి పోకుండా, పని తక్కువ ఉన్న రోజు చూసుకుని వెనక్కి తిప్పండి. ముందు డేటా మొత్తం ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ చేసి, ఆ డిస్క్ పీకి పక్కన పెట్టండి. తర్వాత అప్‌డేట్లు, యూజర్లు, అనుమతులు, ఫైర్‌వాల్, చివరికి ఎస్‌ఎంబీ 1. ఒక్కోటి సరిచేశాక ఇంకో సిస్టమ్ నుంచి ఫోల్డర్ తెరిచి చూసి, అప్పుడే తర్వాతి దానికి వెళ్లండి. బ్రాడీపేటలో ఇలాగే ఒక ఆదివారం కూర్చున్నాం. ఫైర్‌వాల్ ఆన్ చేయగానే ఫోల్డర్ ఆగింది, ప్రైవేట్‌కి మార్చగానే వచ్చింది. ఎస్‌ఎంబీ 1 తీసేశాక ఆగిపోయింది మూలనున్న కాపీయర్ స్కాన్ ఒక్కటే. దాన్ని మెయిల్‌కి మార్చడం ఆ ఆర్టికల్ కుర్రాడే చేశాడు.