16వ ఛానెల్ గారికి, నల్లగొండ నుంచి

మహారాజశ్రీ 16వ ఛానెల్ గారికి,

నమస్కారాలు. మాది నల్లగొండ జిల్లా. సముద్రం లేదు, సాగర్ ఉంది. అమెరికాలో మా బామ్మర్ది పడవ కొన్నాడు. అందులో మెరైన్ రేడియో, ఆ రేడియోలో తమరు. అందుకే ఈ ఉత్తరం.

తమరి హోదా నాకు తెలియంది కాదు. 156.8 మెగాహెర్ట్జ్. పడవ మునుగుతోందంటే ముందు మీ గుమ్మమే తొక్కాలి. కోస్ట్ గార్డ్ రాత్రింబవళ్లు మీ మీదే చెవి వేసి కూర్చుంటుంది. అలాంటి మీ మీద మావాడు పక్క పడవ దోస్తును పిలిచి, పెరుగుచట్నీ తెచ్చావా అని అడుగుతున్నాడు. పిలవడానికి మీరు, ముచ్చటకు వేరే ఛానెల్ అని వాడికి చెప్పినవాళ్లు లేరు.

చెప్పేదెవరు? నల్లగొండలో స్కూటీకి లైసెన్స్ కావాలంటే ఆర్టీఏ వాళ్ల ముందు ఎనిమిది వేయాలి. అక్కడ సొంత నీళ్లలో షికారు పడవకు 1996 నుంచి రేడియో లైసెన్సే అక్కర్లేదు. పరాయి దేశపు రేవుకు పోతే మాత్రం పర్మిట్ ఉండాలి. దానికీ పరీక్ష లేదు. ఫీజు కడితే జీవితాంతం చెల్లుతుంది! బ్రిటన్‌వాళ్లు నయం, కోర్సు చేయించి, పరీక్ష పెట్టి మరీ సర్టిఫికెట్ ఇస్తారు.

మొన్నొకరోజు మైకు సీటు సందులో ఇరుక్కుని మీట నొక్కుకుపోయింది. పడవ లోను కిస్తీ గురించి మొగుడూపెళ్లాల పంచాయితీ అంతా మీ మీదే ప్రసారమైంది. మీట నొక్కి ఉన్నంతసేపు వాడికి ఎవరి మాటా వినపడదు, చుట్టుపక్కల పడవల్లో ఎవరైనా మునుగుతున్నా వాళ్ల కేక మీదాకా రావడం కష్టం. ఇదే మనిషి దసరాకు వచ్చినప్పుడు నాగార్జునకొండ లాంచీలో లైఫ్ జాకెట్ వదులుగా ఉందని డ్రైవర్‌కు క్లాసు పీకాడు.

సెట్టు మీద చిన్న మూత కింద ఎర్ర మీట ఉంటుంది కదా. మూత ఎత్తి కాసేపు నొక్కి పట్టుకుంటే 70వ ఛానెల్ మీద ఆపద కబురు దానంతటదే పోతుంది. జీపీఎస్ కలిపి ఉంటే పడవ ఎక్కడుందో కూడా చెబుతుంది. అయితే ముందు ఎంఎంఎస్ఐ అనే తొమ్మిదంకెల నంబరు, అంటే పడవ రేడియోకు గుర్తింపు నంబరు, తీసుకుని సెట్టులో ఎక్కించాలి. ఎక్కించావా అని అడిగితే, “అది వారంటీ కోసం కాదా బావా?” అన్నాడు.

ఈ శనివారం మళ్లీ బయల్దేరుతున్నాడు. ఈసారి మా అత్తామామలు కూడా పడవలో ఉంటారు. నాకొచ్చే టెన్షన్ మీకు చెప్పక్కర్లేదు. ‘మేడే’ అనే ఆపద కేక మూడుసార్లు, పడవ పేరు మూడుసార్లు, ఎక్కడున్నారు, ఏమైంది, ఎంతమంది ఉన్నారు అని తెలుగులో రాసి వాట్సాప్ చేశాను. సెట్టు పక్కన అతికించమన్నాను. బొటనవేలు బొమ్మ వచ్చింది. వెనకే ఇంకో మెసేజ్: పడవకు ఇంకా పేరు పెట్టలేదట, ముహూర్తం చూడాలట.

ఇట్లు,
తమ విధేయుడు,
ఒక బావ