అమ్మానాన్నలు వెంటలేని ప్రయాణానికి పద్దు ఎవరు రాయాలి?

ఈ వేసవిలో మా అక్క కూతురు రెండు వందల పేజీల నోటుబుక్కు ఒకటి పట్టుకుని మా ఇంటికి వచ్చింది. "పిన్నీ, ఒక్కసారి ఈ లెక్క చూడవా" అంది. తనకు పద్దెనిమిదేళ్లు నిండాయి, ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం పూర్తయింది. ముగ్గురు స్నేహితురాళ్లతో కలిసి హైదరాబాద్ నుంచి వియత్నాం రాజధాని హనోయ్ వెళ్లి, ఏడు రాత్రులు ఉండి తిరిగి రావాలని వాళ్ల ఆలోచన. పెద్దవాళ్లెవరూ వెంట వెళ్లరు. మనిషికి 52,300 రూపాయలు సరిపోతాయని తేల్చారు. రానుపోను విమానానికి 24,000, తిండికి రోజుకు 1,200, హాస్టల్ మంచానికి వారం మొత్తం కలిపి 6,000, మిగిలినది వీసాకు, బీమాకు, రైళ్లకు, బస్సులకు, హాలాంగ్ బే పడవ ప్రయాణానికి. కొట్టివేతలతో, పక్కన పెన్సిల్ గుర్తులతో ఉన్న ఆ పేజీ చూసి నాకు నిజంగా సంతోషం వేసింది. మా అక్కకు మాత్రం ఆ పేజీ మీదికి చూపు పోలేదు. "ఇరవై వేలు ఎక్కువ ఇస్తాంలే, ఇబ్బంది పడకండి" అని ఒక్క మాటతో తేల్చేసింది.

ప్రేమతో అన్న ఆ మాటే నన్ను ఆలోచనలో పడేసింది. ఆ లెక్కలో తప్పులున్నాయి. అదనంగా ఇచ్చే ఇరవై వేలు వాటిని కప్పేస్తాయి తప్ప సరిదిద్దవు. మన ఇళ్లలో పిల్లలు ఇంటర్ రెండేళ్లూ రెసిడెన్షియల్ కాలేజీల్లో గడుపుతారు. అక్కడ ఫీజు నాన్న కడతాడు, భోజనం మెస్సులో, చేతి ఖర్చు వార్డెన్ దగ్గర. ఆ తర్వాత నాలుగేళ్లకే, ఇరవై ఒకటో ఇరవై రెండో ఏట, ముప్ఫై నలభై లక్షల విద్యారుణం నెత్తిన పెట్టి అదే పిల్లను అమెరికా విమానం ఎక్కిస్తాం. 2024-25 విద్యాసంవత్సరంలో అమెరికాలో 3.63 లక్షల మంది భారతీయ విద్యార్థులు ఉన్నారు. వారిలో తెలుగు రాష్ట్రాల నుంచి వెళ్లినవారు పెద్ద సంఖ్యలో ఉన్నారు. వారం రోజుల ప్రయాణానికి ఖర్చు లెక్క వేయనివ్వని ఇల్లు, రెండేళ్ల పరాయి దేశపు బతుకును మాత్రం ఏ తర్ఫీదూ లేకుండా అప్పగిస్తోంది. అందుకే ఈ చిన్న ప్రయాణాల పద్దు పిల్లలే రాయాలని, పెద్దలు దాన్ని పద్దుగానే పట్టించుకుని వరుస వరుసా ప్రశ్నించాలని నా అభిప్రాయం.

ఆ సాయంత్రం మేమిద్దరం ఆ పేజీ ముందేసుకుని కూర్చున్నాం. చవక విమానం టికెట్‌లో చేతిలో పట్టుకెళ్లే ఏడు కిలోల సంచి మాత్రమే ఉంటుందని, పెట్టె లోపల వేయాలంటే వేరే డబ్బు కట్టాలని వాళ్లు గమనించలేదు. రానుపోను దానికి 3,600 కలిపాం. రాత్రివేళ విమానాశ్రయం నుంచి ఊళ్లోకి చేరడానికి, తిరిగి రావడానికి 1,500 కలిసింది. ఇక కార్డు సంగతి. చాలా బ్యాంకుల కార్డుల మీద విదేశీ కొనుగోలుకు 3.5 శాతం రుసుము, దానిమీద 18 శాతం జీఎస్టీ పడతాయి, అంటే మొత్తం 4.13 శాతం. ఇరవై వేలు కార్డు మీద ఖర్చుపెడితే 826 రూపాయలు అలా పోతాయి. దానికి తోడు అక్కడి ఏటీఎం రుసుములు ఉంటాయి. ఈ రెంటికీ కలిపి 1,200 వేశాం. దుకాణంలో కార్డు గీకినప్పుడు యంత్రం రూపాయల్లో కడతారా, వియత్నాం డబ్బు అయిన డాంగ్‌లలో కడతారా అని అడుగుతుంది. రూపాయల అంకె మనకు పరిచయమైనది కాబట్టి చెయ్యి అటే పోతుంది, కానీ ఆ మారకపు రేటు దాదాపు ఎప్పుడూ మనకు నష్టమే. ఆ దేశపు డబ్బులోనే కట్టమని ఒక వాక్యం పుస్తకం అట్ట మీద రాయించాను.

మన పిల్లలు పానీపూరీకి కూడా ఫోన్ చూపించి కట్టడానికి అలవాటుపడినవారు. సింగపూర్, నేపాల్, శ్రీలంక, మారిషస్ వంటి చోట్ల కొన్ని దుకాణాల్లో యూపీఐ పనిచేస్తోంది గానీ, హనోయ్ వీధిలో నూడుల్స్ అమ్మే ఆవిడ దగ్గర దాన్నే నమ్ముకుని నిలబడలేం. అక్కడ నోట్లు కావాలి. వియత్నాం నోట్లన్నిటి మీదా ఆ దేశ నాయకుడు హోచిమిన్ బొమ్మే ఉంటుంది. 20,000 డాంగ్‌ల నోటూ 5,00,000 డాంగ్‌ల నోటూ రెండూ నీలి రంగువే. మొదటిది మన డబ్బులో సుమారు డెబ్భై రూపాయలు, రెండోది పదిహేడు వందల దాకా. మసక వెలుతురులో, వెనక జనం తొందరపెడుతుంటే, ఒకటి ఇవ్వబోయి మరొకటి ఇవ్వడం చాలా తేలిక. పెద్ద నోటును పర్సులో వేరే అరలో పెట్టుకోవాలన్న సంగతి ఏ బడ్జెట్ పట్టికలోనూ ఉండదు, కానీ దాని విలువ ఒక రోజు తిండి కంటే ఎక్కువ.

బీమా దగ్గర నేను ఎక్కువసేపు ఆగాను. వాళ్లు 900 రూపాయల పాలసీ తీసుకుంటామని రాశారు, కింద వరసలోనే కొండదారుల్లో అద్దె బైకు అని కూడా రాశారు. ఈ రెండు వరసలూ ఒకదానికొకటి పొసగవు. మన రవాణా శాఖ ఇచ్చే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ 1949 నాటి జెనీవా ఒప్పందం ప్రకారం ఇచ్చేది. వియత్నాం గుర్తించేది 1968 నాటి వియన్నా ఒప్పందం పర్మిట్‌ను. కాబట్టి మన పర్మిట్ చేతిలో ఉన్నా అక్కడ చెల్లే లైసెన్స్ లేకుండా బండి నడిపినట్టే అవుతుంది. లైసెన్స్ లేకుండా నడిపినప్పుడు జరిగిన ప్రమాదానికి సాధారణంగా బీమా సంస్థ డబ్బు ఇవ్వదు. కాలు విరిగితే ఆసుపత్రి ఖర్చు మొత్తం ఇంటి మీదే పడుతుంది. ఈ ఒక్క విషయం తెలిశాక పిల్లలే ఆ వరస కొట్టేసి బస్సు అని రాసుకున్నారు. వద్దని నేను అనవలసిన అవసరం రాలేదు.

నలుగురిలో ఒక అమ్మాయికి పద్దెనిమిది నిండడానికి ఇంకా నాలుగు నెలలుంది. తొమ్మిదో తరగతిలో తీసుకున్న పాస్‌పోర్ట్ తన దగ్గర ఉంది. మైనర్ల పాస్‌పోర్ట్ ఐదేళ్లు లేదా పద్దెనిమిదో పుట్టినరోజు, ఏది ముందైతే అంతవరకే చెల్లుతుంది. చాలా దేశాలు, విమాన సంస్థలు ఇంకా ఆరు నెలల గడువు ఉండాలని కోరతాయి. అంటే పాస్‌పోర్ట్ చేతిలో ఉన్నా ఆ అమ్మాయికి విమానం ఎక్కడం కుదరదు. పదిహేను దాటినవారు పదేళ్ల పాస్‌పోర్ట్ కోరుకోవచ్చన్న సంగతి ఎక్కువ ఇళ్లలో తెలియదు. ఇక 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం మైనర్ చేసుకున్న ఒప్పందం చెల్లదు, 1903లో అప్పటి బ్రిటిష్ పాలనలో మనకు పై కోర్టు అయిన ప్రీవీ కౌన్సిల్ తీర్పుతో అది స్థిరపడింది. విదేశాల్లో కూడా చాలా హోటళ్లు పద్దెనిమిది నిండనివారికి గది ఇవ్వవు. పదేళ్లు దాటిన పిల్లలు సొంతంగా పొదుపు ఖాతా నడుపుకోవచ్చని రిజర్వు బ్యాంకు 2025లో చెప్పింది కాబట్టి, డబ్బు విషయంలో తర్ఫీదుకు మాత్రం అంతదాకా ఆగనక్కర్లేదు.

మన పేర్ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఒకరి పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఇంకొకరికి ఒక్క అక్షరమే ఉంటుంది, మరొకరికి ఆ గడి ఖాళీగానే ఉంటుంది. టికెట్ మీద ఒకలా, 25 డాలర్లు కట్టిన ఈ-వీసా మీద ఇంకోలా పడితే ఆ డబ్బు తిరిగి రాదు. పాస్‌పోర్ట్ పక్కన పెట్టుకుని ఒక్కో అక్షరం చదువుకోమని చెప్పాను.

తల్లిదండ్రుల భయాన్ని నేను తీసిపారేయను. ఉద్యోగాల పేరుతో కంబోడియాకు తీసుకెళ్లి సైబర్ మోసాలు చేయించిన ముఠా గుట్టును 2024లో విశాఖ పోలీసులు బయటపెట్టినప్పుడు ఎన్ని ఇళ్లు నిద్రపోలేదో మనకు తెలుసు. అయితే అక్కడ చిక్కుకున్నవారు ఏజెంట్ మాటను నమ్మి వెళ్లినవారు. ఏ వీసా మీద వెళుతున్నాం, తిరుగు టికెట్ ఉందా, ఎవరు రప్పిస్తున్నారు, డబ్బు ఎవరి ఖాతాలోకి పోతోంది అని కాగితం చూసి అడిగే అలవాటు ఎవరో చెబితే ఒక్క రోజులో రాదు. తన టికెట్ తానే కొని, తన వీసా దరఖాస్తు తానే నింపి, ఒక తప్పు తానే పట్టుకున్నాకే వస్తుంది.

లెక్క చివరికి 58,600 దగ్గర నిలిచింది. అత్యవసరానికి 8,000 విడిగా పెట్టారు, అది తాకని డబ్బు. ఇరవై వేలు ఇస్తానన్న మా అక్క ఈ ఎనిమిది వేలు మాత్రమే ఇవ్వడానికి, ఖర్చు కాకపోతే వెనక్కి తీసుకోవడానికి ఒప్పుకుంది. మిగిలినదాంట్లో సగం పిల్ల పొదుపు, సగం వాళ్ల నాన్నది. పాస్‌పోర్ట్ గొడవ తేలేదాకా ప్రయాణాన్ని డిసెంబరుకు జరిపారు. నోటుబుక్కు ఆఖరి పేజీలో మా బావగారు తన చేత్తో ఒక వరస రాశారు: రోజూ అక్కడ రాత్రి తొమ్మిదికి, ఇక్కడ ఏడున్నరకు, ఒక్క ఫోన్. దాని కింద పిల్ల ఆ రోజు ఖర్చు కూడా అప్పుడే చెబుతానని రాసి సంతకం పెట్టింది.