సవరణ: ఫినాయిల్ వాసన శుభ్రతకు గుర్తు కాదు

దసరా సెలవులకు ఊరెళ్లేవారు హైదరాబాదులో తమ కుక్కను ఎలాంటి బోర్డింగ్‌లో వదలవచ్చో చెబుతూ గత వారం రాసిన వ్యాసంలో నేను రెండు తప్పులు చేశాను. నా మాట నమ్మి ఎవరి కుక్కయినా జబ్బుపడితే ఆ బాధ్యత నాదే కనుక వాటిని సరిదిద్దుతున్నాను.

గదుల్లో ఫినాయిల్ వాసన వస్తే శుభ్రత బాగున్నట్టేనని రాశాను. అది నిజం కాదు. కుక్కపిల్లల ప్రాణం తీసే పార్వో వైరస్ నేలపై నెలల తరబడి నిలిచి ఉంటుంది, మామూలు ఫినాయిల్‌కు లొంగదు. మలమూత్రాలను ముందుగా పూర్తిగా కడిగేసి, ఒక పాలు బ్లీచ్ ద్రావణాన్ని 30 పాళ్ల నీటిలో కలిపి, ఆ నీటితో నేలను కనీసం 10 నిమిషాలు తడిగా ఉంచితే అది నశిస్తుంది. కాబట్టి వాసనతో తృప్తిపడక, గదులను దేనితో, ఎలా కడుగుతున్నారో నిర్వాహకులను అడగండి. చెప్పడానికి తటపటాయించే చోట నేనైతే నా కుక్కను వదలను.

కుక్కల్లో ఒకదాన్నుంచి ఒకదానికి అంటుకునే దగ్గు అయిన కెన్నెల్ కాఫ్‌కు టీకాను, బోర్డింగ్‌లో వదిలే ముందురోజు వేయిస్తే చాలన్నది రెండో తప్పు. ముక్కులో వేసే టీకా పనిచేయడానికి సుమారు 3 రోజులు పడుతుంది; సూదిమందు మొదటిసారి వేయిస్తుంటే 2 నుంచి 4 వారాల ఎడంతో రెండు మోతాదులు కావాలి. రేబిస్ టీకా ఈ దగ్గును ఆపదు. టీకాల కార్డు చూడకుండానే కుక్కలను చేర్చుకునే బోర్డింగ్ మీ వీధి చివరే ఉన్నా వద్దనుకోండి.