ఇరవై పౌండ్ల బియ్యం, తొమ్మిది ఆనవాళ్లు

2019 ఆగస్టులో ఒక శనివారం, కొలరాడోలో ఏడువేల అడుగుల పైన, ఎండలో, మా మామయ్యగారు భుజాన బియ్యం మూట పెట్టుకుని కొండ కాలిబాట పట్టి నడుస్తున్నారు. వెనకాల ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టుకుని నేను. ఇది మా ఆవిడకి తెలిసిన రోజు ఇంట్లో ఏమైందో తర్వాత చెబుతాను. ముందు ఆ బియ్యం అంత దూరం ఎందుకు వెళ్లాయో చెప్పాలి.

శాంటా ఫేలో ఫారెస్ట్ ఫెన్ అని ఒక పెద్దాయన ఉండేవాడు. వియత్నాం యుద్ధంలో ఫైటర్ విమానాలు నడిపాడు, తర్వాత కళాఖండాల వ్యాపారం చేశాడు. ఎనభయ్యో ఏటికి కాస్త అటూ ఇటూగా ఉన్నప్పుడు ఒక కంచు పెట్టెలో బంగారు నాణేలూ ముద్దలూ నగలూ నింపి, రాకీ పర్వతాల్లో ఎక్కడో దాచేసి వచ్చాడు. 2010లో వేసుకున్న జ్ఞాపకాల పుస్తకంలో 24 పంక్తుల పద్యం ఒకటి పెట్టి, ఇందులో తొమ్మిది ఆనవాళ్లున్నాయి, వరసగా పట్టుకుంటూ వెళ్తే పెట్టె మీదే అన్నాడు. పది అంగుళాల పొడవు, అంతే వెడల్పు, అయిదంగుళాల ఎత్తు. సరుకుతో కలిపి 42 పౌండ్లు. అంతే, అమెరికాలో సగం మంది కొండలెక్కారు.

నేను రోజంతా వేరేవాళ్లు రాసిన కోడ్‌లో తప్పులు వెతికి పొట్టపోసుకునే మనిషిని. వేల లైన్లు చదివేవాణ్ణి, ఇరవైనాలుగు లైన్లు నాకో లెక్కా అనుకున్నాను.

మొదటి ఆనవాలు: వెచ్చని నీళ్లు ఆగే చోట మొదలుపెట్టు. ఇక్కడే సగం జనం మునిగిపోయారు. వేడినీటి బుగ్గ చల్లటి ఏట్లో కలిసే చోటు అని ఒక వర్గం. ఆనకట్ట అని ఇంకో వర్గం. చేపలు పట్టేవాళ్లని అడిగితే, ట్రౌట్ చేప బతకలేని నీళ్లే వెచ్చని నీళ్లు, ట్రౌట్ దొరకడం మొదలైన చోటే అవి ఆగినట్టు అంటారు. కన్నీళ్లు అన్నవాళ్లూ ఉన్నారు. వాళ్లు ఎక్కడ తవ్వారో అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

తర్వాత 'బ్రౌన్ ఇంటి దిగువన' అని వస్తుంది. బ్రౌన్‌లో బి పెద్దక్షరం. కాబట్టి అది రంగు కాదు, మనిషి పేరు. లేదా కవిగారు మనల్ని ఆడించడానికి అలా రాశాడు, నిజంగా అది బ్రౌన్ ట్రౌట్. లేదా ఎలుగుబంటి. డెన్వర్‌లో, టైటానిక్ మునిగినప్పుడు బతికి బయటపడ్డ మోలీ బ్రౌన్ గారి ఇల్లు మ్యూజియంగా ఉంది. ఆ ఇంటి చుట్టూ నేను మూడు ప్రదక్షిణలు చేశాను. నాలుగోదానికి లోపలినుంచి ఒకావిడ వచ్చి, టికెట్ కావాలా, సాయం కావాలా అని అడిగింది. రెండూ వద్దని ఇంటికొచ్చేశాను.

ఆ నెలలోనే మామయ్యగారు వచ్చారు, ఆర్నెల్ల వీసా మీద. హైస్కూల్లో తెలుగు పండితులుగా చేసి రిటైరైన మనిషి, 74 ఏళ్లు. ఇంట్లో చదవడానికి తెలుగు పుస్తకం లేక, నేను డైనింగ్ టేబుల్ మీద వదిలేసిన పద్యం కాగితం తీసుకుని, అలవాటు కొద్దీ పంక్తికీ పంక్తికీ మధ్య ప్రతిపదార్థం రాయడం మొదలుపెట్టారు. నల్ల ఇంకుతో, చీమంత అక్షరాలతో.

"అల్లుడుగారూ, ఈయన అంత గొప్ప కవేం కాదు గానీ మోసగాడు మాత్రం కాదు. ఏం రాశాడో అదే చెబుతున్నాడు. వెచ్చని నీళ్లంటే వెచ్చని నీళ్లే."

"పెద్ద బి పెట్టాడు కదా మామయ్యగారూ?"

"మన అక్షరాల్లో పెద్దబడీ చిన్నబడీ లేకపోబట్టి బతికిపోయాం. పింగళి సూరన ఒకే పద్యంలో ఇటు రాముడి కథా అటు పాండవుల కథా చెప్పాడు. అంతటివాడే రెండర్థాల దగ్గర ఆగాడు. మీరు పన్నెండో అర్థంలో ఉన్నారు."

నేను మాత్రం పదమూడోది పట్టుకున్నాను. అది ఎంత బాగా కుదిరిందో చూడండి. మౌంట్ ప్రిన్స్‌టన్ పాదాల దగ్గర వేడినీటి బుగ్గలున్నాయి. ఆ నీళ్లు చాక్ క్రీక్‌లో పడి చల్లబడతాయి, అంటే ఆగినట్టే. ఆ క్రీక్ వెళ్లి ఆర్కన్సా నదిలో కలుస్తుంది. నది వెంట కాస్త దిగువకి వెళ్తే ఒక ఇరుకు లోయ, వాళ్ల మాటలో కాన్యన్. దాని పేరు? బ్రౌన్స్ కాన్యన్! 2015లో జాతీయ స్మారక ప్రాంతం చేశారు, రాఫ్టింగ్‌కి, అంటే గాలి తెప్పల మీద నది దిగడానికి, పేరుపడ్డ చోటు. రాఫ్ట్‌ని నీళ్లలోకి దించడాన్ని వాళ్ల భాషలో 'పుట్ ఇన్' అంటారు. పద్యంలో అచ్చంగా ఆ మాటే ఉంది. కాన్యన్ దిగువన హెక్లా జంక్షన్ అని రాఫ్ట్‌ల రేవు. అర్ధరాత్రి రెండింటికి ఇది తట్టగానే నా చేతులు వణికాయి. డెన్వర్ నుంచి రెండున్నర గంటల దారి!

దారిలో కనిపించే చాక్ క్లిఫ్స్ తెల్లగా మెరుస్తుంటాయి. పేరులో సుద్ద ఉంది గానీ అక్కడున్నది సుద్ద కాదట, వేడినీళ్లు రాతిని మార్చేయగా ఏర్పడ్డ తెల్లమట్టి. ఆ ముక్క చదివినప్పుడైనా నాకు అనుమానం రావలసింది. రాలేదు.

మా ఆవిడ ససేమిరా అంది. ఆవిడ భయంలో న్యాయం ఉంది, ఈ వెతుకులాటలో నదుల్లోనూ కొండల్లోనూ ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లున్నారు. ఫెన్ కూడా మొత్తుకున్నాడు: ఎనభై ఏళ్ల ముసలాడు వెళ్లలేని చోట వెతక్కండి, నేను కారు నుంచి రెండు విడతలుగా మోసుకెళ్లి దాచాను అని. మా ఆవిడకి ఇది చెప్పి, చూశావా, ఎంత క్షేమమో అన్నాను. అంటుండగానే నాకు ఇంకో ఆలోచన వచ్చింది. ముసలాయన వెళ్లగలిగిన దూరం ఎంతో తెలిస్తే, ఎక్కడ వెతకాలో తెలిసిపోతుంది. ముసలాయన ఇంట్లోనే ఉన్నారు.

ఖాళీ పెట్టె ఇరవై పౌండ్లు, సరుకు ఇరవైరెండు. శుక్రవారం కొన్న ఇరవై పౌండ్ల సోనా మసూరి మూట ఇంకా కారు డిక్కీలోనే ఉంది. ఇన్ని కలిసొచ్చాక అది దైవసంకల్పం కాక మరేమిటి? నేను అడగలేదు, ఒట్టు. హెక్లా జంక్షన్‌లో దిగాక విషయం చెప్పి నసుగుతుంటే మామయ్యగారే డిక్కీ తెరిచారు. "పొలం గట్ల మీద దీనికి మూడింతలు మోసినవాణ్ణి, పదండి" అని మూట భుజాన వేసుకున్నారు. ప్యాంటు, స్వెట్టరు, మంకీ క్యాప్, బియ్యం. పద్యంలో 'పెద్ద బరువులు' అని ఒక మాట ఉంటుంది. నాకు ఒళ్లు జలదరించింది.

రేవు దగ్గర ఒక జంట కనిపించింది. ఆయన చేతిలో గాలం కర్ర. దానికి దారం లేదు.

"చేపలు పడుతున్నాయా?" అన్నాను.

"బాగానే. మీరు?"

"పక్షుల్ని చూద్దామని వచ్చాం."

ఆయన కళ్లు మామయ్యగారి భుజం మీదున్న మూట మీద పడ్డాయి, తర్వాత ఆయన తెల్ల మీసాల మీద, తర్వాత మళ్లీ మూట మీద. ఆవిడ చేతిలో మొక్కల పార ఉంది. ఆయన జేబులోంచి మడత కాగితం తొంగి చూస్తోంది, దాని మీద నాకు బాగా తెలిసిన ఆరు చరణాలు, వాటి కింద రంగురంగుల గీతలు. నేను చూశానని ఆయన చూశాడు. ఇద్దరం మర్యాదగా నవ్వుకున్నాం.

మామయ్యగారు పదకొండు నిమిషాలు నడిచి, ఒక జూనిపర్ చెట్టు పక్కన బండ చాటున మూట దింపారు. అన్వయం కుదరనప్పుడు చూసుకోవడానికని వెంట తెచ్చుకున్న ప్రతిపదార్థం కాగితం మూట పిడికి దోపి, ఊపిరి తీసుకుని, రెండో విడత లెక్క కోసం ఖాళీ చేతులతో కారు వైపు తిరిగారు. శాస్త్రీయంగా ఉండాలని ఆయనకీ పట్టుదల వచ్చేసింది.

అదే సమయానికి నాకు ఎదురు కొండరాతి మీద, పద్యంలో చెప్పిన బ్లేజ్ కనిపించింది. బ్లేజ్ అంటే మంట కావచ్చు, దారి తప్పకుండా చెట్టుకి చెక్కే గుర్తు కావచ్చు, గుర్రం నుదుటి మీద తెల్లచార కావచ్చు. ఇది చారే. తెల్లగా, నిలువుగా, మూరెడు పొడవు. బ్లేజ్ కనబడగానే గబుక్కున కిందికి చూడమంటాడు కవి. రాళ్ల మీద పాక్కుంటూ వెళ్లి, దాని కింద నిలబడి గబుక్కున కిందికి చూశాను. నా బూట్ల చుట్టూ నేలంతా అలాంటి తెలుపే, చుక్కలు చుక్కలుగా. ఇదేమిటా అని మెల్లగా పైకి చూశాను. రాతి చూరు కింద పిట్టగూడు. చూడ్డం తప్పయింది. నా కళ్లజోడు కుడి అద్దం మీద తాజా బ్లేజ్ ఒకటి వచ్చి పడింది.

తుడుచుకుంటూ బాట మీదికి వచ్చేసరికి, బండ చాటున ఆ జంట మోకాళ్ల మీద కూర్చుని ఉన్నారు. మూట జిప్పు తీసి ఉంది. ఆవిడ మోచేతుల దాకా బియ్యంలో చేతులు పెట్టి, పిడికెడు పిడికెడు తీసి, వేళ్ల మధ్యనుంచి జారవిడుస్తూ చూస్తోంది. మా అమ్మమ్మ రాళ్లు ఏరినట్టే, అంతే ఓపిగ్గా. ఆయన కాగితాన్ని రాతి మీద పరిచి, నాలుగు మూలలా నాలుగు గులకరాళ్లు పెట్టి ఫొటోలు తీస్తున్నాడు.

ఒక ముసలాయన, చెప్పిన వయసు. చెప్పిన బరువు. మూటతో వెళ్లాడు, ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. వాళ్లని నేనేమని తప్పుపట్టను? వాళ్ల అర్థం నా అర్థం కంటే బాగా కుదిరింది.

"ఇది ఏ కోడ్?" అని అడిగాడాయన, దొరికిపోయిన సిగ్గు కూడా మర్చిపోయి.

అప్పటికి మామయ్యగారు వచ్చేశారు. "కోడ్ కాదు నాయనా, తెలుగు" అన్నారు ఇంగ్లీషులో.

"అలాగే, అలాగే" అని కన్ను గీటాడాయన.

పండితుడికి అంతకంటే అవమానం ఏముంటుంది? మామయ్యగారు బండ మీద కూర్చుని, వాళ్లిద్దర్నీ ఎదురుగా కూర్చోబెట్టి, అ ఆల దగ్గర్నుంచి మొదలుపెట్టారు. ముప్పావుగంట. ఆవిడ 'అ' రాయడం నేర్చుకుంది, బియ్యంలోనే, వేలితో. నిజానికి మనవాళ్లకి అక్షరాభ్యాసం జరిగేదీ అలాగే కాబట్టి ఆయన ముఖం వెలిగిపోయింది. వెళ్లేముందు ఆ జంట సారీ చెప్పి, చెల్లాచెదురైన బియ్యం దోసిళ్లతో ఎత్తి మూటలో పోసి, మళ్లీ మోసుకొచ్చి డిక్కీలో పెట్టారు. బియ్యంతో పాటు జూనిపర్ ఆకులు, కాస్త ఇసుక కూడా వచ్చాయి.

అవే కొంప ముంచాయి. బుధవారం మధ్యాహ్నం అన్నంలో పచ్చటి పొడి ఆకు ఒకటి తేలింది. ఇదేమిటని మా ఆవిడ అడిగింది. నేను పుదీనా అనబోయేలోపు మామయ్యగారు ప్రతిపదార్థ, తాత్పర్య సహితంగా మొత్తం చెప్పేశారు. ఆవిడ నన్నేమీ అనలేదు. చేట తెచ్చి నా ముందు పెట్టి, మూట పక్కన పెట్టి వెళ్లిపోయింది. ఆ వారాంతం ఇరవై పౌండ్లూ నేనే చెరిగాను.

2020 జూన్‌లో పెట్టె దొరికిందని ఫెన్ ప్రకటించాడు. వ్యోమింగ్‌లోనట. మాది కొలరాడో. దొరికినవాడు ఒక వైద్య విద్యార్థి అని ఆ ఏడాది చివర్లో బయటికొచ్చింది. అది చూడకుండానే సెప్టెంబరులో ఫెన్ పోయాడు. ఎవరో పెట్టెకి రెండొందల అడుగుల దగ్గరకి వచ్చి కూడా పోల్చుకోలేక వెళ్లిపోయారని ఆయన ఒకప్పుడు చెప్పేవాడు. అది మేమేనని నేను కొన్నాళ్లు నమ్మాను. కోడ్‌లూ, లాటినూ, డ్రోన్లూ, నిచ్చెనలూ ఎందుకూ పనికిరావని కూడా ముందే చెప్పి ఉంచాడాయన. ఆ జాబితాలో తెలుగు లేదు, అందుకే కాబోలు ఆ గాలం ఆయన ఫొటోలు చెరిపేయలేదు. కిందటేడు మామయ్యగారికి ఈమెయిల్ పెట్టాడు: పెట్టె దొరికిపోయిందని తెలుసు, అయినా మూడో చరణం పక్కన అడ్డంగా రాసి, కింద రెండు గీతలు గీసిన మాట ఒక్కటి విప్పలేకపోతున్నాను, దయచేసి చెప్పండి అని.

ఆ కాగితం ఇంకా నా దగ్గరే ఉంది. తీసి చూశాను. 'సాయంత్రం బీపీ మాత్ర' అని ఉంది.