ఇత్తడి అమ్ముకోండి, కాగితాలు మాత్రం పారేయకండి

మొన్న శనివారం మా పక్క వీధిలో ఎస్టేట్ సేల్ జరిగింది. ఇక్కడ అమెరికాలో ఇంటి పెద్ద పోయాక పిల్లలు దూరంగా ఉంటే, సామాన్లు ఎక్కడివక్కడే ఉంచి ఇల్లు తెరిచి అమ్మేస్తారు. ఆ ఇంటాయన నలభై ఏళ్ళు గూడ్స్ బండి ఇంజన్ నడిపిన మనిషి. నేను వెళ్ళేసరికే ఆయన చేతి లాంతరు, పట్టాలు మార్చే స్విచ్చుల తాళంచెవి, జేబు గడియారం అమ్ముడైపోయాయి. గరాజ్‌లో మాత్రం ఒక అట్టపెట్టె నిండా కాగితాలున్నాయి. దాని మీద లావు అక్షరాలతో ‘చెత్త’ అని రాసి ఉంది.

ఆ మాట చూసిన దగ్గర్నుంచి నా మనసు కుదురుగా లేదు. అందుకే ఇంత పొడుగు పోస్ట్.

కంపెనీ పేరు చెక్కిన లాంతరుకు ఎప్పుడూ గిరాకీ ఉంటుంది. ఇత్తడి తాళంచెవికీ అంతే. కానీ అలాంటి లాంతర్లు వేలల్లో తయారయ్యాయి. ఒకటి పోతే ఇంకొకటి దొరుకుతుంది. ఆ పెట్టెలో ఉన్నది మాత్రం ఒక్క మనిషి చేతిరాత. అది లోకంలో ఒక్కటే ఉంటుంది. మనం దాచేదీ పారేసేదీ సరిగ్గా తలకిందులుగా ఉన్నాయి.

ఇంతకీ ఆ పెట్టెలో ఏమున్నాయో చెప్పాలి. రబ్బరు బ్యాండు వేసిన ట్రైన్ ఆర్డర్ల కట్ట ఒకటి. ఉల్లిపొర లాంటి పల్చటి కాగితం, కింద కార్బన్ పెట్టి రాసింది. బళ్ళ రాకపోకలు నడిపించే డిస్పాచర్ వైరు మీద చెబితే స్టేషన్‌లో ఆపరేటర్ రాసుకుని, మళ్ళీ చదివి వినిపించేవాడు. ఎదురుగా వచ్చే బండిని ఎక్కడ తప్పించాలో ఆ కాగితమే చెప్పేది. ఫారం 31 అయితే సిబ్బంది సంతకం పెట్టి తీసుకోవాలి, అంటే బండి ఆగాలి. ఫారం 19కి సంతకం అక్కర్లేదు. కర్ర కొసకు కట్టి పైకి చాపితే, కదిలే బండిలోంచే చెయ్యి చాపి అందుకునేవాళ్ళు. ఒక్క అంకె తప్పు చదివితే రెండు బళ్ళు గుద్దుకునే కాలం అది. అలాంటి కాగితాలను ఆయన ఎందుకు దాచుకున్నాడో నాకు అర్థమైంది. ఎందుకు దాచుకున్నాడని ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు, అదే బాధ.

తర్వాత గడియారం తనిఖీ కార్డులు. 1891లో ఒహాయోలోని కిప్టన్ దగ్గర రెండు బళ్ళు ఢీకొని ప్రాణాలు పోయాయి. ఒక ఇంజనీరు (ఇక్కడ డ్రైవర్‌ని అలాగే అంటారు) గడియారం నాలుగు నిమిషాలు ఆగి మళ్ళీ నడిచిందని చెబుతారు. ఆ ప్రమాదం తర్వాతే వెబ్ సి. బాల్ అనే గడియారాల వ్యాపారికి తనిఖీల పని అప్పగించారు. వారానికి 30 సెకన్లకు మించి తేడా రాకూడదన్న ప్రమాణం అలా స్థిరపడింది. గడియారం ఎంత ముందుందో, ఎంత వెనకుందో కార్డు మీద రాయించుకుని ఉద్యోగి దగ్గర పెట్టుకోవాలి. శనివారం పొద్దున గడియారం కొనుక్కెళ్ళిన పెద్దమనిషికి ఆ కార్డులు ఎవరూ ఇవ్వలేదు. అది ఎవరి జేబులో నడిచిందో చెప్పే ఆధారం అలా విడిపోయింది.

అన్నిటికంటే విలువైనవి టైమ్ బుక్‌లు, చొక్కా జేబులో పట్టే చిన్న పుస్తకాలు. తేదీ, ఇంజన్ నంబరు, డ్యూటీకి ఎక్కిన టైమ్, దిగిన టైమ్, మైళ్ళు, తోటి సిబ్బంది పేర్లు, అన్నీ పెన్సిల్‌తో. ఇవి సరదాకి రాసుకున్నవి కావు. చాలాకాలం గూడ్స్ సిబ్బందికి 100 మైళ్ళంటే ఒక రోజు జీతం. ఆఫీసులో లెక్క తగ్గించి కడితే, చూపించడానికి వాళ్ళ దగ్గర ఉన్నది ఈ పుస్తకమే. పని గంటల సంగతీ అంతే. 1907 చట్టం ఏకబిగిన 16 గంటల వరకు పని చేయించుకోనిచ్చింది. అది 12కి దిగింది 1972లో. ఈ పుస్తకాల్లో ‘పదిహేను గంటల యాభై నిమిషాలు’ అని పక్కపక్కనే మూడు రోజులు కనిపిస్తే, చట్టం పుస్తకంలో చదివిన అంకె కళ్ళ ముందు మనిషైపోతుంది.

నేను ఒక పని చేశాను. నాకు దొరికిన పుస్తకాల్లో డిసెంబర్ 25 పేజీలు వెతికాను. పద్నాలుగు క్రిస్మస్‌లలో పదకొండు ఆయన ఇంజన్ మీదే గడిపాడు. లాంతరు ఈ మాట ఎప్పటికైనా చెబుతుందా?

‘కంపెనీ దగ్గర రికార్డులు ఉంటాయిగా’ అని ఒక మిత్రుడు అన్నాడు. ఏ కంపెనీ దగ్గర? పెన్సిల్వేనియా రైల్‌రోడ్, న్యూయార్క్ సెంట్రల్ 1968లో కలిశాయి, 1970లో దివాలా తీశాయి, 1976లో కాన్‌రైల్‌లో కలిసిపోయాయి. ఇలాంటి చేతుల మార్పిడిలో మామూలు ఉద్యోగి ఫైలు భద్రంగా ఉంటుందని నమ్మలేం. రైల్వే ఉద్యోగుల పింఛన్లు చూసే రైల్‌రోడ్ రిటైర్‌మెంట్ బోర్డు వివరాలు మొదలయ్యేది 1937 నుంచి. అంతకు ముందే ఉద్యోగం వదిలేసిన తాతగారి కోసం వెతికితే అక్కడ దాదాపు ఏమీ దొరకదు. నిద్ర బోగీలు నడిపిన పుల్‌మన్ కంపెనీ కాగితాలు షికాగో న్యూబెర్రీ లైబ్రరీకి చేరాయి కాబట్టి, ఆ బోగీల్లో పనిచేసిన ఎందరో నల్లజాతి పోర్టర్ల వివరాలు ఇవాళ మనవలకు దొరుకుతున్నాయి. అందరికీ ఆ అదృష్టం లేదు.

అమెరికా తూర్పు పడమరలను కలిపిన మొదటి రైలుమార్గంలో పడమటి భాగం, అంటే సెంట్రల్ పసిఫిక్ లైను వేసిన చైనా కూలీల సంగతి తలుచుకుంటే కడుపులో దేవినట్టవుతుంది. సియెర్రా కొండలు తొలిచి దారి వేసిన వాళ్ళు పది, ఇరవై వేల మధ్య ఉంటారని చరిత్రకారుల అంచనా. వాళ్ళలో ఒక్కరు రాసిన ఉత్తరం గానీ, డైరీ గానీ అమెరికాలో ఇంతవరకు బయటపడలేదు. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఏళ్ళ తరబడి వెతికారు. జీతాల పట్టీల్లో కూడా చాలాచోట్ల ముఠా మేస్త్రీ పేరే ఉంటుంది, మనుషుల పేర్లు ఉండవు. 1869 మే 10న రెండువైపుల పట్టాలు కలిసిన యూటాలోని ప్రోమంటరీ దగ్గర పెట్టిన బంగారు మేకు మాత్రం స్టాన్‌ఫర్డ్ మ్యూజియంలో భద్రంగా ఉంది. లోహం మిగిలింది. మనిషి మాట మిగల్లేదు.

ఈ కాగితాలతో ఇంకో అవసరం కూడా ఉంది. ఆవిరి ఇంజన్ల బాయిలర్లకు ఆస్బెస్టాస్ చుట్టేవాళ్ళు. ఆ దుమ్ము పీల్చినవాళ్ళకు జబ్బు బయటపడటానికి దశాబ్దాలు పడుతుంది. గాయపడిన రైల్వే కార్మికుడు 1908 చట్టం కింద పరిహారం అడగాలంటే కంపెనీ తప్పును చూపించాలి. ఏ షెడ్డులో, ఏ ఏళ్ళలో పనిచేశాడో తేల్చే పాత కాగితం ఒకటి ఉంటే ఆ కుటుంబానికి ఎంత బలమో ఆలోచించండి.

కాబట్టి మీకు తెలిసిన ఇంట్లో రైల్వే మనిషి ఉంటే, ఆయన ఉండగానే పక్కన కూర్చోండి. ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి ఒక్కో కాగితం చూపించి అడగండి. ఫోటోల వెనక పేర్లు మెత్తగా పెన్సిల్‌తో రాయండి. లామినేషన్ వద్దు, సెల్లోటేప్ అసలే వద్దు, తుప్పు పట్టిన పిన్నులు తీసేయండి. ఎవరికైనా ఇచ్చేటప్పుడు అన్నీ కలిపి ఇవ్వండి, గడియారంతో పాటు దాని కార్డులు కూడా. పింఛను కాగితాల మీద సోషల్ సెక్యూరిటీ నంబరు ఉంటుంది, అది ముందు చూసుకోండి.

ఆ పెట్టె కోసం నేను మధ్యాహ్నం కారు తీసుకుని మళ్ళీ వెళ్ళాను. అప్పటికే సగం డంప్‌స్టర్‌లో పడింది, పైన వాన కురిసింది. ఆర్డర్ల కట్ట ముద్దైపోయింది. చేతికి వచ్చినవి కొన్ని గడియారం కార్డులు, అడుగున ఉన్న టైమ్ బుక్‌లు. 1961 పుస్తకంలో పెన్సిల్ రాత చెరిగిపోతోంది. ఈ రాత్రి ముందు దాన్నే స్కాన్ చేస్తున్నాను.