మన వైఫై, వాళ్ల డేటా

రాత్రి తొమ్మిది దాటితే బెంగళూరు మారతహళ్లి పీజీ గదుల్లోంచి కాల్స్ అనంతపురం, కడప, నెల్లూరు వైపు బయలుదేరతాయి. చాలామంది చేసేది వాట్సాప్ కాల్. గదిలో వైఫై ఉంది, పైసా ఖర్చు లేదన్నది పిల్లల లెక్క. ఆ లెక్కలోకి అవతలి ఫోను రాలేదు. ఊళ్లో మామూలు కాల్ ఎత్తితే అమ్మకు ఏమీ పోదు. యాప్ కాల్ ఎత్తితే, ఇంట్లో వైఫై లేని అమ్మకు ఆ రోజు డేటా పోతుంది.

మాట వరకే అయితే పోయేది కొంచెమే. గొంతు చిన్న చిన్న ప్యాకెట్లుగా వెళ్తుంది, ప్రతి ప్యాకెట్‌కూ చిరునామా అంటించాలి. 20 మిల్లీసెకన్లకు ఒకటి చొప్పున పంపితే ఆ చిరునామాల బరువే సెకనుకు 16 కిలోబిట్లు. రానూపోనూ అంతా కలిపి నిమిషానికి సుమారు అర ఎంబీ, గంటకు 30. వీడియో అలా కాదు. నిమిషానికి 5 ఎంబీ వేసుకున్నా గంటకు 300. మనవడి ముద్దుమాటలు గంటసేపు చూస్తే 1 జీబీ ప్యాక్‌లో మూడో వంతు హరీ.

కోటా అయిపోయాక చాలా ప్లాన్లలో వేగం సెకనుకు 64 కిలోబిట్లకు పడిపోతుంది. అందులో వీడియో నడవదు. మాట ఇరుకుగానైనా పట్టాలి, కానీ అదే దారిలో ఫ్యామిలీ గ్రూపు ‘శుభోదయం’ ఫొటోలూ దిగుతుంటాయి. మాట ముక్కలయ్యేది అక్కడే. వాట్సాప్ సెట్టింగ్స్‌లో ‘స్టోరేజ్ అండ్ డేటా’ తెరిచి, ఫొటోలు, వీడియోల ఆటో డౌన్‌లోడ్ ఆపాలి, ‘యూజ్ లెస్ డేటా ఫర్ కాల్స్’ ఆన్ చేయాలి. ఈసారి పండక్కి ఊరెళ్లినప్పుడు అమ్మ ఫోన్లో చేసిపెట్టాల్సిన పని ఇది.

4జీ మీద వెళ్లే మామూలు ఫోన్ కాల్, అంటే వోల్టే కాల్, డేటా తింటుందన్నది అపోహ. అది ప్లాన్ నిమిషాల్లోదే. నెట్‌వర్క్ దానికి విడిగా దారి వదులుతుంది; యాప్ కాల్ మాత్రం అందరి రీల్స్‌తో పాటు క్యూలో నిలబడాలి. వేరే నెట్‌వర్క్‌కు చేస్తే కంపెనీల మధ్య నడిచిన నిమిషానికి 6 పైసల చెల్లింపు కూడా 2021 జనవరి 1తో పోయింది. గదిలో సిగ్నల్ లేకపోతే ఫోన్ సెట్టింగ్స్‌లో వైఫై కాలింగ్ ఆన్ చేస్తే సరి. కాల్ మన వైఫై మీద బయలుదేరుతుంది, అమ్మకు మామూలు ఫోన్‌లాగే మోగుతుంది. అమెరికాలో ఉన్న అక్కతో మాట్లాడటానికి యాప్ మంచిదే, ఐఎస్‌డీ రేటుతో పోల్చితే డేటా ఖర్చు ఏపాటిది?

డేటా అక్కర్లేని పెద్దల కోసం కాల్స్, ఎస్ఎంఎస్‌లకే పరిమితమైన ప్యాక్‌లు ఇవ్వాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 డిసెంబరులో కంపెనీలను ఆదేశించింది, 365 రోజుల వరకు గడువుకూ వీలిచ్చింది. రీఛార్జ్ యాప్ తెరవగానే ముందు వరుసలో ఇవి కనపడాలన్నది మా డిమాండ్. అడిగితేనే దొరికే ప్యాక్ గురించి అడగడం తెలియని నాన్నకు ఎవరు చెబుతారు? అయితే ఆ ప్యాక్ వేయించాక ఆయనకు వాట్సాప్ కాల్ చేసి లాభం లేదు. మన తెరమీద ‘రింగింగ్’ రాదు, ‘కాలింగ్’ దగ్గరే ఆగిపోతుంది. నాన్న ఫోన్ ఎత్తడం లేదని కంగారు పడకుండా మామూలు నంబరుకు చేయండి.